ప్రేగుగోడలో రక్తస్రావము: స్కానింగు పరీక్ష
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇంటిలో ఎవరికైన కడుపునొప్పి వచ్చినచో వాము నమలించుట, కాపడము పెట్టుట, అప్పటికిని తగ్గనిచో ఒక సూది వేయించుట మన వాడుక. చాలమందికి దానితో నెమ్మది కలుగును. కాని కొందరి విషయమున ఆ జాగు ప్రాణము మీదికి తెచ్చును. వారెవరో మీరు తెలిసికొనియుండవలెను.

కీళ్లవాత జ్వరముచే గుండె కవాటములు చెడి, లోహపు కవాటము అమర్చబడినవారు మన పల్లెలలోను కలరు. రక్తము గడ్డకట్టకుండుటకై వారు వార్ఫరిన్ వంటి మాత్రలను జీవితాంతము వాడవలసియుండును. మోతాదు మించినను, వైద్యునికి తెలియకుండ ఇతర మందులు కలిసినను, ఒక్కొక్కప్పుడు ప్రేగుగోడ పొరల నడుమ రక్తము చేరును. గోడ ఉబ్బి ప్రేగు దారి ఇరుకగును. నొప్పి, వాంతులు, ఉబ్బరము కలుగును. రక్తము గోడలోనే నిలుచుటచే మలములో కనబడకపోవచ్చును. సైకిలు హ్యాండిలు పొట్టకు బలముగా తగిలిన బాలురకు సైతము ఇట్టి ప్రమాదము కలదు.

దీనిని కనుగొనుట యెట్లు? చెవికి వినబడని శబ్దతరంగములను పొట్టలోనికి పంపి, వాటి ప్రతిధ్వనులను తెరపై చిత్రముగా చూపునదే స్కానింగు. 1958లో గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు ఉదర పరీక్షలో దీని ఉపయోగమును ప్రకటించిరి. ఆరోగ్యవంతుని చిన్నప్రేగు గోడ మందము సాధారణముగ 3 మిల్లీమీటర్లు మించదు. రక్తము నిండినచో సెంటీమీటరు సైతము దాటవచ్చును. ఈ పరీక్షలో కోత లేదు, నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణములు లేవు.

అయితే ప్రేగులలోని గాలి చిత్రమును మరుగుపరచును. క్షయ మొదలగు వ్యాధులలో కూడ గోడ దళసరియగును. కావున రక్తము గడ్డకట్టు తీరును తెలుపు ఐ.ఎన్.ఆర్. పరీక్ష, అవసరమైనచో సి.టి. స్కాను కూడ చేయుదురు. మాత్రలవలన కలిగిన రక్తస్రావమని సకాలమున తేలినచో, పెక్కుమందికి శస్త్రచికిత్సయే అక్కరలేదు. వైద్యులు మాత్రను ఆపి, విటమిన్ కె మొదలగునవి యిచ్చి, ప్రేగులకు విశ్రాంతి కల్పించినచో కొద్ది వారములలో వాపు తీయును.

సభ్యులు చేయదగిన పనులు మూడు. మొదటిది, ఇట్టి మాత్రలు వాడువారు మందు చీటీని, ఐ.ఎన్.ఆర్. పుస్తకమును ఎల్లప్పుడు దగ్గర నుంచుకొనునట్లు ఆశా కార్యకర్తద్వారా చెప్పించుడు. రెండవది, వారికి కడుపునొప్పి వచ్చినచో పొట్ట తోమనీయక, కండకు సూది వేయనీయక, 108 వాహనమున ఆసుపత్రికి పంపుడు. మూడవది, భయపడి ఎవరును తమంతట తాము మాత్ర మానకుండ చూడుడు. మానినచో కవాటముపై రక్తము గడ్డకట్టి పక్షవాతము రావచ్చును.

ఈ యంత్రముతోనే గర్భస్థ శిశువు ఆడయో మగయో చెప్పుట 1994 నాటి చట్టము ప్రకారము నేరమని కూడ గ్రామస్థులకు తెలుపుడు. రోగి చేతిలోని చిన్న మందు చీటీ వైద్యునికి దారి చూపును. ఆ చీటీ ఇంటి పెట్టెలో ఉండిపోకుండ చూచుట మీ వంతు.