కొట్టానికి పచ్చవైరు
(ఉద్దనపల్లి కార్మికులకు చేసిన ప్రసంగ పాఠం)



మిల్లులో మోటారుకు ఎర్తు ఊడితే మనం మిషను ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తాం. అది మన హక్కు. కానీ డ్యూటీ దిగి ఇంటికి పోయాక, పెరట్లోని గొడ్ల కొట్టానికి రెండే వైర్లు లాగి బల్బూ, రాగి గడ్డి కోసే మిషనూ నడుపుతున్నాం. మూడోదైన పచ్చవైరును దండగ ఖర్చని వదిలేస్తున్నాం.

కొట్టం పక్కన కడ్డీ పాతితే చాలనుకుంటాం. చాలదు. లెక్క చూద్దాం. కడ్డీ నుంచి నేలలోకి 20 ఓముల నిరోధం ఉంటే, 230 వోల్టులకు పారేది 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఫ్యూజు దానికి పోదు. మిషను బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. ఎండాకాలంలో నేల ఆరితే నిరోధం ఇంకా పెరుగుతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు.

అందుకే మూడు పనులు చేయించుకుందాం. ఒకటి: ఇంటి మెయిన్ బోర్డు ఎర్తు నుంచి కొట్టం దాకా ఫేజు, న్యూట్రల్‌తో పాటే పచ్చవైరు రావాలి. రెండు: మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి. కరెంటు లీకైతే రెప్పపాటులో లైను కట్టయ్యేది దానివల్లే. దాని టెస్టు బటను అప్పుడప్పుడూ నొక్కి చూడాలి. మూడు: కొట్టంలో న్యూట్రల్‌ను ఎర్తుకు కలపనివ్వరాదు. కలిపితే, న్యూట్రల్ తెగిన రోజున మిషను బాడీ అంతా కరెంటే. ఈ పని లైసెన్సున్న వైర్‌మన్ చేతనే చేయించాలి.

యజమానిని నిలదీసి అడిగే రక్షణను, తెల్లవారుజామున తడికాళ్లతో పాలు పితికే మన ఆడవాళ్లకు మనమే ఇవ్వకపోతే ఎలా? వానలు పడకముందే పచ్చవైరు లాగిద్దాం.