వ్యాధి నిఘా: లాభనష్టాల లెక్క

ఎక్కడ, ఎవరికి, ఏ జబ్బు వస్తోందో నిరంతరం తెలుసుకుంటూ, తెలిసిన వెంటనే కదలడమే వ్యాధి నిఘా. ఆశా కార్యకర్త చేరవేసే జ్వరం కబురు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టరు, ల్యాబ్ నివేదిక, మురుగునీటి నమూనా అన్నీ అందులో భాగాలే. భారతదేశంలో 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం ఈ సమాచారాన్ని జిల్లాల నుంచి ఢిల్లీ దాకా చేరుస్తుంది.

దీని లాభాన్ని కళ్లకు కట్టినట్టు చూపిన రాష్ట్రం కేరళ. 2018లో కోజికోడ్ ప్రాంతంలో నిపా వైరస్ బయటపడేసరికి అది అప్పటికే ఆసుపత్రుల్లో పాకిపోయింది. పరీక్షల్లో నిర్ధారణ అయిన 18 మందిలో 16 మంది చనిపోయారు. 2019లో ఎర్నాకుళంలో మళ్లీ కనిపించినప్పుడు ఒక్క రోగి దగ్గరే ఆగింది, ఆ రోగి కోలుకున్నారు. వైరస్ తీరులోనూ తేడాలు ఉండవచ్చు. అయినా అనుమానం త్వరగా రావడం, రోగిని వేరుగా ఉంచడం, కలిసినవారిని గుర్తించడం వ్యాప్తికి దారులు మూశాయి.

డబ్బు లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. మహమ్మారులకు సన్నద్ధం కావడానికి ప్రపంచమంతటికీ ఏటా సుమారు 3,100 కోట్ల డాలర్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు 2022లో అంచనా వేశాయి. కొవిడ్ వల్ల 2024 నాటికి కలిగే ఆర్థిక నష్టాన్ని అంతర్జాతీయ ద్రవ్య నిధి 13.8 లక్షల కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది. నిఘా ఒక్కటే ఆ నష్టమంతా ఆపగలదని కాదు. అందులో చిన్న భాగాన్ని తప్పించినా పెట్టిన ఖర్చు తిరిగి వచ్చినట్టే.

ఇక రెండో వైపు మూడు భారాలు ఉన్నాయి. మొదటిది తప్పుడు హెచ్చరిక. పదివేల మందిలో ఒకరికి ఉన్న జబ్బు కోసం, ఆరోగ్యవంతుల్లో నూటికి ఒకరిని పొరబడి రోగిగా చూపే పరీక్షను లక్ష మందికి చేస్తే, నిజమైన రోగులు పదిమంది, పొరబాటు ఫలితాలు దాదాపు వెయ్యి. రెండోది గోప్యత. రోగి పేరు, తిరిగిన చోట్లు బయటికి పొక్కితే వెలివేత భయంతో జనం జబ్బును దాచుకుంటారు, నిఘాకే చూపు పోతుంది. మూడోది నిజం చెప్పినందుకు శిక్ష. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా కొవిడ్ కొత్త రకమైన ఒమిక్రాన్‌ను వెంటనే ప్రకటిస్తే, రోజుల్లోనే అనేక దేశాలు ఆ దేశంపై ప్రయాణ ఆంక్షలు విధించాయి.

ఈ భారాలు నిఘాను మానేయడానికి కారణాలు కావు, సరిగా నడపడానికి కొలతలు. ఆ కొలతకు మంచి నమూనా పోలియో. పదిహేనేళ్ల లోపు పిల్లల్లో హఠాత్తుగా కాళ్లో చేతులో చచ్చుబడిన ప్రతి కేసునూ పరీక్షిస్తారు. పోలియో లేని చోట కూడా ఏటా ఆ వయసు పిల్లల్లో లక్ష మందికి కనీసం ఒకటైనా అలాంటి కేసు దొరకాలి, లేకపోతే వెతుకులాటే సరిగా లేదని అర్థం. ఈ క్రమశిక్షణతోనే 2011 జనవరి తర్వాత సహజ పోలియో కేసు లేదని నిరూపించుకుని, భారత్ 2014లో పోలియోరహితమనిపించుకుంది.

కాబట్టి ప్రతి నిఘా పథకాన్నీ తూచడానికి నాలుగు ప్రశ్నలు చాలు: హెచ్చరిక వస్తే చేయగల పని ఉందా, సేకరించే వివరాలు ఆ పనికి అవసరమైనంతే ఉన్నాయా, చెప్పినవారికి రక్షణ ఉందా, వ్యవస్థ పనితీరును ఎవరైనా తనిఖీ చేస్తున్నారా? వైద్యులు, నర్సులు, శాస్త్రవేత్తలు, అధికారులు ఈ నాలుగింటికీ జవాబుదారులు. అనుమానిత కేసును అదేరోజు తెలియజేయడంతో ఆ బాధ్యత మొదలవుతుంది.