మాట నిజం, నోరు దొంగది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

దేశాల మధ్య వ్యాపార తగాదాలు మన జేబుల్లోని ఫోన్లలోకి ఎలా వస్తున్నాయో నాలుగు మాటలు చెబుతాను.

ఆవర్తన పట్టిక అడుగున విడిగా రెండు వరుసలు ఉండేవి, గుర్తుందా? పై వరుసలోవి విరళ మృత్తికలు. ఇప్పుడు అందరూ రేర్ ఎర్త్స్ అంటున్నారు. విద్యుత్ కార్ల మోటార్లలో వాడే బలమైన అయస్కాంతాలకు నియోడిమియం, డిస్ప్రోసియం కావాలి. వీటి శుద్ధిలో చైనాదే పైచేయి. ఆ దేశం పెట్టిన ఎగుమతి పరిమితుల మీద 2012లో అమెరికా, జపాన్, యూరోపియన్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కి, 2014లో గెలిచాయి. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలకు జవాబుగా చైనా ఏడు మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది.

ఈ తగాదాలో ఒక దొంగాట కూడా నడిచింది. ఆస్ట్రేలియాకు చెందిన లైనస్ కంపెనీ అమెరికా రక్షణ శాఖ సాయంతో టెక్సస్‌లో శుద్ధి కర్మాగారం తలపెట్టింది. అక్కడివాళ్లమని చెప్పుకున్న కొన్ని ఖాతాలు కాలుష్యం, ఆరోగ్యం అంటూ ఫేస్‌బుక్‌లోనూ ట్విట్టర్‌లోనూ ఆందోళన వెలిబుచ్చాయి. అవి దొంగ ఖాతాలనీ, చైనా ప్రయోజనాలకు అనుకూలంగా నడిచే ‘డ్రాగన్‌బ్రిడ్జ్’ ప్రచారంలో భాగమనీ 2022 జూన్‌లో మాండియంట్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. ఇదే అల్లికకు చెందిన 7,704 ఫేస్‌బుక్ ఖాతాలను మెటా 2023లో తొలగించింది. ఈ పని చైనా ఒక్కటే చేస్తుందనుకోకండి. కోవిడ్ కాలంలో ఫిలిప్పీన్స్‌లో చైనా టీకా మీద అనుమానాలు రేపడానికి అమెరికా సైన్యం దొంగ ఖాతాలు నడిపిందని రాయిటర్స్ 2024లో రాసింది.

ఇక్కడ ఒక చిక్కుంది. విరళ మృత్తికల శుద్ధిలో రేడియోధార్మిక వ్యర్థాలు రావడం అబద్ధం కాదు. మలేషియాలో లైనస్ కర్మాగారం వ్యర్థాల మీద ఏళ్ల తరబడి గొడవ జరిగింది. అంటే మాటలో నిజం ఉంది, నోరే దొంగది. దొంగ నోరు బయటపడ్డాక, నిజంగా ఆ ఊళ్లో ఉండి భయపడే మనిషిని కూడా ఎవరూ నమ్మరు. అసలు నష్టం అదే.

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. మన శ్రీకాకుళం, విశాఖ తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. అందులో విరళ మృత్తికలూ థోరియమూ ఉన్నాయి. రేపు అక్కడ తవ్వకాల మాట వస్తే, ముందు వినవలసింది ఆ ఒడ్డున బతికే మత్స్యకారుల మాట. దొంగ గొంతుల గోలలో ముందు మునిగిపోయేదీ వాళ్ల మాటే.

ఈ దొంగ ఖాతాలకు వేల సంఖ్య ఉంటుంది గానీ నమ్మకం ఉండదు. అందుకే వాటి మాట చాలావరకు తమలో తామే లైకులు కొట్టుకునే దగ్గర ఆగిపోతుంది. అదే మాట మన బ్యాచ్ గ్రూపులో పడితే? “మనవాడే కదా పంపాడు” అని నమ్ముతాం. యాభై ఏళ్లలో మనం సంపాదించుకున్న నమ్మకాన్ని వాళ్లకు ఉచితంగా అరువిచ్చినట్టే.

కాబట్టి ఫలానా దేశం సరుకు మానేయండి, ఫలానా ఫ్యాక్టరీ ఆపండి అన్న సందేశం వస్తే మూడు ప్రశ్నలు వేసుకుందాం. మొదట అన్నది ఎవరు? ఆ మనిషి నిజంగా అక్కడ ఉన్నాడా? ఈ మాట వల్ల లాభం ఎవరికి? జవాబు దొరకకపోతే మన దగ్గరే ఆపేద్దాం.

రీడింగులు లేని ప్రయోగం రికార్డు మీద మన సైన్సు మాస్టార్లు సంతకం పెట్టేవారు కాదు. ఫార్వర్డ్ నొక్కడం కూడా సంతకం పెట్టడమే.