పునాది గట్టిదైన చదువు



పాలమూరు కూలీలు దేశమందలి పెక్కు ప్రాజెక్టులకు, భవనములకు రాళ్లెత్తినారు. ఆ భవనముల నక్షాలు గీయు విద్యయు మన బిడ్డలకు అందవలెనని మేము కోరుచున్నాము.

2008లో హైదరాబాదున ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయమునందు బి.ఆర్క్. చదువు 5 సంవత్సరములు. ఇంటికి పునాది యెట్లో ఈ విద్యకు గణితమట్లు. ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక శాస్త్రములు చదివినవారు గాని, పదవ తరగతి పిదప గణితముతో 3 సంవత్సరముల డిప్లొమా ముగించినవారు గాని ‘నాటా’ పరీక్షలో అర్హత పొంది చేరవచ్చును.

కావున పదవ తరగతి ఫలితములు వెలువడిన వెంటనే గ్రామసభలో ఈ సంగతి చదివి వినిపింపుడు. చదువగల బిడ్డ వలసబండి ఎక్కకుండ చూచుట మన యందరి విధి.