పట్వారీ దస్తరం కాదు, మన దస్తరం కావాలె

(ఇబ్రహీంపట్నంలో దళిత విద్యార్థి, యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమాల చరిత్ర గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. చరిత్ర కంటే ముందు సందూకల గురించి మాట్లాడాలి. ఎందుకంటే మన చరిత్ర ఇంకా పుస్తకాల్లోకి పోలేదు, సందూకల్లోనే ఉంది. చెదలు తింటున్నది.

కొన్ని నెలలుగా మేము నలుగురైదుగురం ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల్లో మాదిగవాడలు, మాలవాడలు తిరుగుతున్నాం. కూలీ సంఘం నాటి రసీదు బుక్కులు, కరపత్రాలు, దరఖాస్తుల నకళ్లు, సమన్లు, ఫొటోలు ఉన్నాయా అని అడుగుతున్నాం. ఒక ఊళ్లో ఒక అవ్వ సందూక తెరిచి, పాలిథిన్ కవర్లోంచి నాలుగు మడతల కాగితం తీసింది. మడతల కాడ చినిగింది. అది ఆమె పెనిమిటి వెట్టి నుంచి విడుదలైన కాగితం. ఆయన చనిపోయి చాన్నాళ్లయింది. ఆమెకు చదువు రాదు. మమ్మల్ని ఒక్కటే అడిగింది: "ఇండ్ల నా పేరుందా బిడ్డా?"

రెండుసార్లు చదివాం. లేదు.

"నేను గూడ దొరింట్ల పెండ తీసిన, సాన్పి జల్లిన. కాగితంల ఆయనొక్కడే విడుదలైండా?"

మాకు నోట మాట రాలేదు. ఈ ప్రసంగం ఆమె ప్రశ్న నుంచి పుట్టిందే.

కాగితంతో మన జాతికి ఉన్న సంబంధం ఎట్లాంటిదో గుర్తు చేసుకుందాం. మన తాతలను కట్టేసింది తాడు కాదు, కాగితం. పెండ్లికో చావుకో నాలుగు రూపాయలు తెస్తే, రాసింది దొర, చదివింది దొర, దాచింది దొర. మనది వేలిముద్ర ఒక్కటే. భూమి దున్నింది మనం. పహాణీ రాసింది పట్వారీ. ఆ దస్తరం పట్వారీ ఇంట్లో గుడ్డలో కట్టి ఉండేది. అది చూడాలంటే వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడాలి. పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది. కాని పట్వారీ రాసిపోయిన రాత మాత్రం ఇంకా మన భూముల మీద పెత్తనం చేస్తనే ఉంది.

వెట్టిని రద్దు చేస్తూ 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చాయి. ఆ చట్టంలో 15వ సెక్షన్ మన పిల్లలందరికీ తెలియాలి. ఇది వెట్టి అప్పు అని కూలీ అంటే, కాదని రుజువు చేసే బాధ్యత అప్పు ఇచ్చినవాడిదే. కూలీ కాగితం చూపనక్కర్లేదు. అంటే మన చేతిలో కాగితం ఉండదని, ఉండనివ్వరని, చట్టం రాసినవాళ్లకు కూడా తెలుసు! కాని చట్టం ఢిల్లీలో ఉంది. ఇబ్రహీంపట్నం తాలూకాకు అది నడిచి రావడానికి మరో పదేండ్లు పట్టింది. అదీ తనంతట తాను రాలేదు. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం పట్టుకొని గుంజితే వచ్చింది.

ఇక్కడ విద్యార్థులు ఒక మాట గమనించాలి. ఇక్కడి నుంచి ఉస్మానియా యూనివర్సిటీకి బస్సెక్కితే పూట కూడా పట్టదు. 1972 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడే, ఆ క్యాంపస్‌లో జార్జిరెడ్డిని పొడిచి చంపారు. 1970లలో ఆ విద్యార్థి ఉద్యమాల్లో తిరిగిన తరంలోంచే గీతా రామస్వామి 1980లలో ఈ తాలూకాకు వచ్చి కూలీ సంఘంలో పనిచేశారు. సాంఘిక సంక్షేమ శాఖలో ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి ఉండడం కలిసొచ్చింది. అయితే సంఘాన్ని నిలబెట్టింది మన వాడల ఆడోళ్లు, మొగోళ్లే. కాగితం రాసే చేయి, వేలిముద్ర వేసే చేయి ఒక్కచోట కలిసినయి. వెట్టి మీద, కూలి రేట్ల మీద, దొరల చేతుల్లో ఉన్న భూముల మీద దరఖాస్తు వెనుక దరఖాస్తు పోయింది. పహాణీ నకలు తీసుకొని చదవడం నేర్చుకున్నాం. పట్టాదారు కాలంలో ఎవరి పేరుంది, అనుభవదారు కాలంలో ఎవరి పేరుంది అని వేలుపెట్టి అడగడం నేర్చుకున్నాం. కాగితం వాళ్ల చేతిలో సంకెల. మన చేతికొచ్చినంక అదే ఆయుధమైంది.

గీతా రామస్వామి ఆ రోజుల గురించి 'ల్యాండ్, గన్స్, కాస్ట్, ఉమన్' అనే పుస్తకం రాశారు. 2022లో అచ్చయింది. చదవండి. కాని ఉద్యమంలోకి వచ్చినవాళ్లు రాసింది వాళ్లు చూసిన చరిత్ర. జీతం చేసిన మనిషి చూసిన చరిత్ర, ఆ అవ్వ చూసిన చరిత్ర ఇంకా సందూకలోనే ఉంది. దాన్ని రాయాల్సింది ఎవరు? మనమే.

సర్కారు దాచదా అని ఒక తమ్ముడు అడిగాడు. దాస్తది, దానికి కావలసింది దాస్తది. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి మొగల్ ఫౌజు కాగితాలు అక్కడున్నాయి. ఏ సిపాయి ఎట్లుంటడు, అతని గుర్రానికి ఏ ఆనవాలుంది అని రాసుకున్న కాగితాలు మూడు వందల ఏండ్లు దాటినా భద్రంగా ఉన్నాయి. గుర్రం మచ్చకున్న విలువ మా అవ్వ పేరుకు లేకపోయింది! ఆర్కైవ్స్ మీద మాకు కోపం లేదు, అవి ఉండాలి. ఎవరి కాగితం దాచాలో తేల్చిన చేతులు మనవి కావు, అంతే.

సర్కారు రాత మారితే ఏమైతదో మన కండ్ల ముందే చూశాం. 2020 అక్టోబరులో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలం లేకుండా పోయింది. దున్నేవాడి పేరు ఒక్క దెబ్బకు మాయం. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఈ మధ్యలో నలిగింది ఎవరు? ఫార్మాసిటీ పేరుమీద యాచారం, కందుకూరు మండలాల్లో భూసేకరణకు దిగినప్పుడు మనవాళ్లు ఉరికింది పాత కాగితాల కోసమే. పాత కాగితం అంటే పాత ముచ్చట కాదు, రేపటి బువ్వ.

మనవాళ్లు రాసుకోలేదా? రాసుకున్నారు. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డివర్మ, అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు తరాల పోరాటం మనకు ఇంత వివరంగా తెలుస్తున్నదంటే ఒక కారణం పి.ఆర్. వెంకటస్వామి. ఆ ఉద్యమంలో తిరిగిన మనిషే 1955లో 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్' అని రెండు భాగాలు అచ్చువేశారు. సభలు, తీర్మానాలు మాత్రమే కాదు, నాయకుల తగాదాలు కూడా దాచకుండా రాశారు. ఆయన రాయకపోతే ఆ తరమంతా గాలికి పోయేది.

మన కాలానికే వద్దాం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. 2024లో బయటికొచ్చిన పోలీసు ముగింపు నివేదిక అతను ఎస్సీ కాదన్నది. నిరసన లేచినంక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. చనిపోయినంక కూడా కులం కాగితం వెంటాడుతనే ఉంది. అయితే రోహిత్ బతికుండగా రాసుకున్న రాతలు 2017లో పుస్తకంగా వచ్చాయి. అతని చివరి ఉత్తరం లోకమంతా చదివింది. పోలీసు నివేదిక ఒక పక్క, విద్యార్థి సొంత రాత ఒక పక్క. ఆ రెండో పక్క లేకపోతే మొదటిదే చరిత్ర అయిపోయేది.

ఇక మన తప్పులు మనం మాట్లాడుకుందాం. మాకు దొరికిన మీటింగు పుస్తకాల్లో మొగోళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. చివర "మరియు మహిళలు" అని ఒక్క మాట. దొర కాగితంలో అవ్వ పేరు లేదంటే అర్థం చేసుకోవచ్చు. మన కాగితంలో ఎందుకు లేదు? భూముల మీదికి పోయినప్పుడు ముందు నడిచినోళ్లు వాళ్లు కాదా? దొరల రాతను ప్రశ్నించే నోటితోనే మన రాతను కూడా ప్రశ్నించాలి.

ఇంకో తప్పు. ఎవరో చదువుకున్నాయన వచ్చి "పరిశోధన చేస్త, ఇస్త" అంటే ఒక ఇంటోళ్లు మొత్తం కట్ట ఇచ్చేశారు. ఇప్పటిదాకా తిరిగి రాలేదు. మనల్ని గౌరవంగా "మీ చరిత్ర గొప్పది" అన్నవాడికల్లా సందూక తాళం ఇవ్వొద్దు.

మూడోది చాలా జాగ్రత్తగా చెప్తున్నాం. ఈ కాగితాల్లో పేర్లున్నాయి. దొర మీద సాక్ష్యం చెప్పినోళ్ల పేర్లు, కేసుల్లో ఇరికించబడినోళ్ల పేర్లు. ఇయ్యాల ఇక్కడ ఎకరం కోట్లు పలుకుతున్నది. ఆ దొరల కొడుకులు, మనుమలు ఇక్కడే ఉన్నారు. కాగితం ఫొటో తీసి వాట్సప్‌లో పడేస్తే వీరత్వం అనుకుంటాం. ఆ ఇంటి ముసలామెకు అది ఏం తెచ్చిపెడతదో ఆలోచించం. వాళ్లను అడగకుండా, వాళ్లు ఒప్పుకోకుండా ఒక్క పేరు కూడా బయటికి పోవద్దు.

కనుక విద్యార్థులారా, మేము మీతో చేయించదల్చుకున్న పని చిన్నదే. ఆదివారం ఒక ఇల్లు. కాగితం అసలు ఆ ఇంట్లోనే ఉండనీయండి. ఫోనుతో వెలుతుర్లో, రెండు దిక్కులా ఫొటో తీయండి. ఎవరిచ్చారు, ఏ ఊరు, ఏ తారీఖు, అది దేని గురించి, వాళ్ల మాటల్లోనే రాయండి. చినిగిన కాడ సెలోటేపు వేయొద్దు, కాలం గడిస్తే అదే కాగితాన్ని తింటది. లామినేషన్ చేయించొద్దు, మళ్లీ ఊడి రాదు. పొడి గుడ్డలో చుట్టి, గోడకు, నేలకు తగలకుండా పెట్టమని చెప్పండి. నకళ్లు మూడు చోట్ల ఉంచండి. సర్కారు ఫైళ్ల కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. కాగితం లేని ఇంట్లో మనిషి ఉంది. ఆమెను కూచోబెట్టి అడగండి, ఆమె యాసలోనే రాయండి, దిద్దకండి. రాసింది ఆమెకు చదివి వినిపించండి.

మేము ఆ అవ్వ దగ్గరికి మళ్లీ పోయాం. ఆమె చెప్పింది రాసుకొని చదివి వినిపించాం. రెండు చోట్ల తప్పు పట్టింది. కూలి గింజల లెక్క తక్కువ రాశామన్నది, దిద్దించింది. చివరికి "ఇప్పుడు నా పేరు రాయుర్రి" అన్నది. రాశాం. ఈ సభలో ఆ పేరు చెప్పాల్నా అని అడిగితే, "నా కొడుకును అడిగి చెప్త, ఆగుర్రి" అన్నది.

అందుకే ఆమె పేరు ఇయ్యాల మేము చెప్పడం లేదు. కాని ఆ పేరు మన దస్తరంలో మొదటి పేజీలో మొదటి వరసలో ఉంది. రెండో వరస ఖాళీగా ఉంది. మీ ఇంట్లో సందూక తెరవండి.

జై భీం!