ఆత్రపు మంటకు రొమ్ముకూర ఉడకదు

(మహానంది మండలంలోని ఒక వాడలో, అంబేద్కర్ జయంతి సాయంత్రం ఒక ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలు)



నేనీ రోజు రాజ్యాంగం గురించి మాట్లాడతానని అనుకోనింటారు. కాదు. కూర గురించి మాట్లాడతా. నవ్వొద్దండి. ఎద్దు రొమ్ముకూర మెత్తగా యెట్లా వండాలో చెప్తా. దానికి ముందు నా తప్పొకటి ఒప్పుకోవాల.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తా. కొన్నేండ్ల కింద ఎనిమిదో తరగతిలో మాంసకృత్తుల పాఠం. అవి వేటిలో ఉంటాయో చెప్పమన్నా. పప్పని ఒకరు, గుడ్డని ఒకరు, చేపని ఒకరు. మన వాడ పిల్ల ఒకతి లేచి ‘పెద్దకూర సార్’ అనింది. క్లాసంతా నవ్వినారు. నేనేం అనాల? ‘బాగా చెప్పినావమ్మా’ అనాల. ‘సరే కూర్చో’ అని పుస్తకంలోకి తల దించుకున్నా. బోర్డు మీద పప్పు రాసినా, గుడ్డు రాసినా, చేప రాసినా. పెద్దకూర రాయలేదు. ఆ యేడంతా ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తలేదు.

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినోన్ని నేను. ఆ చదువు నాకు దాచుకోవడం కూడా నేర్పింది. అద్దె ఇల్లు అడిగితే ‘మీరేం తింటారు?’ అన్నారు. ‘అట్లాంటివి మేం తినమండీ’ అన్నా. ఆ ఒక్క అబద్ధం నిలబెట్టడానికి పదకొండేండ్లు నా పొయ్యి మీద పెద్దకూర ఎక్కలేదు. మా అమ్మ వచ్చినప్పుడు ‘యేం నాయనా, నా చేతి కూర చేదైందా?’ అనింది. జవాబు చెప్పలేదు. ఆమె పోయినంక, సొంతింట్లో ఒకనాడు ధైర్యం చేసి కూర తెచ్చి వండినా. చెప్పు తోలు మాదిరి అయింది. అమ్మ చేతిలో ఒక శాస్త్రం ఉండేదని, దాన్ని నేను అడగనే లేదని అప్పుడు తెలిసింది. మా పెద్దక్క పొయ్యి దగ్గర కూచోని నేర్చుకున్నా. మీరూ రాసుకోండి.

కిలో రొమ్ముకూర తీసుకోండి. మన సాయిబులు దీన్నే సీనా అంటారు. ఎద్దుకు మనకున్నట్టు జత్రుక ఎముక లేదు. ముందు భాగం బరువు ఎక్కువగా ఈ కండలే మోస్తాయి. అందుకే గట్టిగా, నరాల్నరాలుగా ఉంటుంది. కొవ్వంతా కోసి పారేయొద్దు, వేలు మందం ఉంచండి. ముక్కలు పెద్దవిగానే కోయండి. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి నూరి పట్టించి రెండు గంటలు, వీలైతే రాత్రంతా పెట్టండి. పచ్చి బొప్పాయి రెండు స్పూన్లు నూరి వేసేవాళ్లు వేయొచ్చు, అదైతే గంట చాలు. ఎక్కువైతే పైన పిండిపిండి అయితాది, లోపల గట్టిగానే ఉంటాది.

కుండలో నూనె కాగినంక ఎర్రగడ్డలు, కారం, ధనియాల పొడి వేసి, కూర వేసి దాని నీళ్లలోనే కాసేపు మగ్గనీయండి. తర్వాత ముక్క మునిగేంత వేన్నీళ్లు పోయండి. పైన పళ్లెం మూసి, పళ్లెంలో కొంచెం నీళ్లు పోయండి. ఇంక మంట తగ్గించండి. కుండలో బుడగ అప్పుడొకటి ఇప్పుడొకటి లేవాల, అంతే. గలగలా తెర్లితే ముక్కలోని నీరంతా పిండినట్టు బయటికొచ్చి పీచు మిగులుతాది. ఆ చిన్న మంట మీదనే మూడు గంటలు. కుక్కరైతే సన్న మంట మీద ముప్పావు గంట, ఆవిరి దానంతటదే పోవాల. గోంగూర గానీ చింతచిగురు గానీ చివర్లోనే వేయాల. మొదట్లో వేస్తే ఆకు రుచి పోతాది. దించినంక ముక్కను పీచుకు అడ్డంగా కోయండి. తెల్లారి తింటే ఇంకా బాగుంటాది. కొర్రన్నంలోకి, జొన్నరొట్టెలోకి దానికి సాటి లేదు.

ఆ మూడు గంటల్లో జరిగేదేమంటే, కండల్ని పట్టి ఉంచే గట్టి పదార్థం పేరు కొల్లాజెన్. వేడికి అది మెల్లమెల్లగా కరిగి జెలటిన్ అయితాది. ఆత్రపడితే కాదు, మంట పెంచితే కాదు. మా అమ్మకు ఆ పేర్లు తెలియవు, ఆ పని తెలుసు. పగలంతా కూలికి పోయి, రాత్రి నిప్పుల మీద కుండ పెట్టి పడుకునేది.

ఈ విద్య మనకెందుకొచ్చింది? మన వంతుకు వచ్చింది ముసలెద్దే కాబట్టి. మహానంది చుట్టూ నవనందులున్నాయి. అంతటా రాతి నందికి పూలు, దండాలు. మా ఊళ్లో దున్నిన ఎద్దు చచ్చిపోతే కబురొచ్చేది మా నాయనకు. రాతి ఎద్దు దగ్గరికి మనల్ని రానీయరు. చచ్చిన ఎద్దు దగ్గరికి వాళ్లు రారు. ఈడ్చుకుపోయినోడికి కూలి లేదు, ఆ మాంసమే కూలి. దాన్ని తిన్నందుకు అంటరానోళ్లన్నారు. ఎద్దు మాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న లంకె ఏందో బాబాసాహెబ్ 1948లో అచ్చయిన ‘ద అన్‌టచబుల్స్’ పుస్తకంలో విప్పి చెప్పినాడు. చదవండి, చదవలేనోళ్లకు చదివి వినిపించండి.

మన రాష్ట్రంలో 1977 చట్టం ఆవును కోయకూడదని చెప్పింది. పనికి రాని ఎద్దును అధికారి రాసిచ్చిన కాగితంతో కోయొచ్చు. అంటే మనం దొంగలం కాదు. అయినా 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు మనోళ్లను కొట్టినారు. మరుసటి నెల మన అమలాపురంలో, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న అన్నదమ్ముల్ని కట్టేసి కొట్టినారు. అందుకే భయమేస్తాది. నాకూ వేస్తాది. కానీ ఆ భయంతో మనంతట మనమే కుండ దాచుకుంటే, కొట్టేటోనికి పని తగ్గుతాది.

అమెరికాలో టెక్సాసోళ్లు ఇదే రొమ్ముకూరను పొగ మీద పది పన్నెండు గంటలు వండి గొప్పగా అమ్ముకుంటారు. యూదులు పండగ నాడు గంటల తరబడి ఉడికించి ఇంటిల్లిపాదీ తింటారు. వాళ్లకు ఘనత, మనకు సిగ్గా?

నేనడిగేది రెండే. వాడకొక నోటుబుక్కు పెట్టండి. అమ్మల దగ్గర, అవ్వల దగ్గర కూచోని తునకలు యెట్లా ఎండేస్తారో, బోటి యెట్లా కడుగుతారో వాళ్ల మాటల్లోనే రాయండి. నా మాదిరి ఆలస్యం చేయొద్దు. రెండోది, బడిలో మీ పిల్లను ఏం తిన్నావని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి.

ఇంక నా సంగతి. ఆ పాఠం ఏటా వస్తాది. పోయినేడు బోర్డు మీద నాలుగో మాట నేనే రాసినా. వెనక బెంచీలో ఎవరో నవ్వినారు. సుద్దముక్క కింద పెట్టి, ‘నేనూ తింటా, మా అమ్మ బాగా వండేది’ అన్నా. నవ్వు ఆగింది. కానీ మొదట చెయ్యెత్తిన పిల్ల ఆ క్లాసులో లేదు, ఎప్పుడో బడి దాటిపోయింది. ఆమెకు నేనింకా బాకీనే.

జై భీమ్.