మరణించు నక్షత్రముల రెండు రెక్కలు
(హొసూరున జరిగిన సభలో చేసిన ప్రసంగము)



మూటలు తూచువానికి నక్షత్రములతో పని యేమని కొందరు నవ్వుకొనవచ్చును. నేను చదివినది మెట్రిక్యులేషను వరకే. కాని ఇది 1920లో హెచ్. నరసింహయ్యగారు జన్మించిన ఊరు. హైస్కూలు చదువునకై బెంగుళూరునకు కాలినడకన పోయి, భౌతికశాస్త్ర పండితుడై, 1962లో బెంగుళూరు సైన్సు ఫోరమును స్థాపించిన మహనీయుడాయన. అట్టి ఊరి పిల్లలే సైన్సు మనకెందుకని మానుచుండగా ఊరకుండుటెట్లు?

సూర్యునివంటి నక్షత్రము, లోని ఇంధనము తరుగగా, ఉబ్బి యెర్రబారి, తన పైపొరలను వాయువుగను ధూళిగను మెల్లగా విడిచివేయును. మదరాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారిగారు 1867లో కనుగొనిన ‘ఆర్ రెటిక్యులై’ ఆ దశలోనిదే. సుమారు 278 దినములకొకమారు దాని వెలుగు హెచ్చి తగ్గుచుండును. (మన చింతామణివారని పొంగిపోవలదు, అది వారి యింటిపేరు.)

గుండ్రని నక్షత్రమునుండి వెడలిన వాయువు గుండ్రముగానే వ్యాపింపవలెను గదా! కాని పెక్కు మేఘములు శిడ్లఘట్ట సంతలో మనము చూచు, నడుము సన్నగిలిన పట్టుగూటివలె నుండును. ఏల? అనేక నక్షత్రములు జంటలుగా నుండును. తోడు నక్షత్రము చుట్టును తిరుగుచు, వెడలిన ధూళిని వడ్డాణమువలె నడుమున కూడబెట్టును. పిమ్మట లోనుండి వడిగా వచ్చు గాలి ఆ దట్టమైన వడ్డాణమును చీల్చలేక, ఎదురు తక్కువగానున్న రెండు ధ్రువములవైపు పొంగును. గోనెసంచి నడుమ త్రాడు బిగించినచో రెండు కొనలును ఉబ్బును గదా, అట్లే. తోడు నక్షత్రమే ముఖ్య కారణమని నేడు పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అయస్కాంత శక్తికిని పాత్ర కలదనువారు గలరు.

వృశ్చికరాశిలోని సీతాకోకచిలుక మేఘమున నడిమి నక్షత్రపు వేడిమి 2 లక్షల డిగ్రీలకు మించినది. అయినను ధూళి దానిని మరుగుపరచుచున్నది. బూమరాంగ్ మేఘపు వింత వేరు. సెకనుకు 150 కిలోమీటర్లకు పైబడిన వేగముతో విస్తరించుటచే అందలి వాయువు సున్నకు దిగువ 272 డిగ్రీల వరకు చల్లబడినదని 1995లో రాఘవేంద్ర సహాయ్, నైమన్ అనువారు కనుగొనిరి. ప్రకృతిలో అంతకంటె చల్లని తావు ఇంతవరకు కనబడలేదు.

ఈ మేఘములు కొన్ని పదులవేల యేండ్లలో చెదరిపోవును. మన రాగిముద్దలోని కర్బనములో చాలభాగము ఇట్టి నక్షత్రములు వెదజల్లినదే. సూర్యునికి తోడు నక్షత్రము లేదు. గడువును ఇంకను సుమారు 500 కోట్ల యేండ్లున్నది, తొందరపడనక్కరలేదు!

వేసవి రాత్రులలో దక్షిణదిశను వృశ్చికపు కొండిని చూడుడు. సీతాకోకచిలుక ఆ దాపుననే యున్నది. కంటికి మాత్రము కనబడదు. బడికొక దూరదర్శిని కొనుటకు మీరు పూనినచో నా వంతు సిద్ధముగా నున్నది.